ఎక్కిన తల, దిగిన తల

ప్రభుత్వం డబ్బు పెట్టి బయటివాళ్ళ చేత పని చేయించుకోవడం ఎలా అనే విషయం మీద పాఠం చెప్పేవాళ్ళకు ఒక ఓడ కథ మహా ఇష్టం. పద్దెనిమిదో శతాబ్దం చివర బ్రిటన్ తన ఖైదీలను ఆస్ట్రేలియాకు తోలేది. ఓడల వాళ్ళకు ఎక్కిన తలకు ఇంతని లెక్కగట్టి ఇచ్చేది. దారిలో ఖైదీలు పిట్టల్లా రాలిపోయారు. అప్పుడెవరో బుద్ధిమంతుడు, ఎక్కిన తలకు కాదు, దిగిన తలకు ఇవ్వండి అన్నాడు. అంతే, చావులు ఆగాయి. ఇంగ్లండులో పారిశుద్ధ్య సంస్కరణలకు పేరుపడ్డ ఎడ్విన్ చాడ్విక్ 1862 నాటి ప్రసంగంలో దీన్ని వాడుకున్నాడు. అప్పటి నుంచి ఆర్థికశాస్త్ర తరగతుల్లో ఇది నలుగుతూనే ఉంది. నీతి స్పష్టం: మనుషుల మంచితనాన్ని నమ్ముకోకు, డబ్బు ఎప్పుడు చేతికి అందాలో సరిగ్గా రాసుకో, మిగతాది వాళ్ళ స్వార్థమే చూసుకుంటుంది. ఈ కథ మొదటి సగం నిజం. రెండో సగమే కాగితాలతో సరిపోలదు. ఏ ఓడ ఎప్పుడు బయలుదేరింది, ఎంతమంది ఎక్కారు, ఎంతమంది దిగారు, ఎవరికి ఏ లెక్కన ముట్టింది అని వరసగా చూస్తే, ప్రోత్సాహక ఒప్పందం చేసిన పని ఎంతో, దాని పేరున మనం జమ వేస్తున్న పరాయి కష్టం ఎంతో తేలుతుంది.

రోజుకూలికి పెట్టుకుంటే పని సాగదు, గుత్తకిస్తే పని చెడుతుంది అన్న సంగతి మన ఊళ్ళలో గోడ కట్టించినవాళ్ళకూ కోత కోయించినవాళ్ళకూ కొత్త కాదు. లండన్‌లోని నౌకాదళ బోర్డు అధికారులు 1789లో ఎంచుకున్నది శుద్ధమైన గుత్త. కామ్డెన్, కాల్వర్ట్ అండ్ కింగ్ అనే వర్తక సంస్థ ఖైదీ తలకు 17 పౌన్ల 7 షిల్లింగుల 6 పెన్నీలకు ఒప్పుకుంది. తిండి, బట్ట, ప్రయాణం అన్నీ అందులోనే. దించినది ప్రాణంతోనా కాదా అన్నదానితో ఆ మొత్తానికి సంబంధం లేదు. ఆ సంస్థకు అప్పటిదాకా ఉన్న అనుభవం బానిసల రవాణాలో. 1790 జనవరిలో నెప్ట్యూన్, సర్‌ప్రైజ్, స్కార్‌బరో అనే మూడు ఓడలు బయలుదేరాయి. బానిస ఓడల్లో వాడే పొట్టి ఇనుప సంకెళ్ళే ఖైదీల కాళ్ళకు వేశారు. వాటితో అడుగు తీసి అడుగు వేయడమే కష్టం. నీళ్ళు కారే అడుగు అంతస్తులో నెలల తరబడి అలాగే పడి ఉన్నారు. చచ్చినవాడి వాటా తిండి ఒకటి రెండు రోజులైనా దక్కుతుందని పక్కవాళ్ళు శవాన్ని దాచిపెట్టిన సందర్భాలున్నాయి. జూన్‌లో సిడ్నీ చేరేసరికి, ఎక్కిన సుమారు వెయ్యి మందిలో 267 మంది లేరు. ఒక్క నెప్ట్యూన్‌లోనే దాదాపు ఐదు వందల మందిలో 158 మంది పోయారు. బతికినవాళ్ళలో సగానికి పైగా జబ్బుతో దిగారు, ఇంకో నూరు మందికి పైగా ఒడ్డున ప్రాణం విడిచారు. ఆకలితో అల్లాడుతున్న ఆ వలసలో ఓడల అధికారులు దుకాణం తెరిచి, మిగిలిన సరుకు మంచి ధరకు అమ్ముకున్నారు. ఎవరి నోటి దగ్గర మిగిలిన సరుకో వేరే చెప్పనక్కర్లేదు.

ఇదంతా కొందరు దుర్మార్గుల పని, ఒప్పందానికి అంటగట్టడం దేనికి అని అడగవచ్చు. నెప్ట్యూన్ కెప్టెన్ డొనాల్డ్ ట్రెయిల్ నిజంగానే క్రూరుడిగా పేరుపడ్డాడు. ఒక నావికుడి హత్య అభియోగం మీద 1792లో అతన్నీ, మొదటి మేట్‌నీ లండన్ కోర్టులో నిలబెట్టారు, ఇద్దరూ నిర్దోషులుగా బయటపడ్డారు. కానీ స్కార్‌బరో సంగతి ఆ వాదనకు లొంగదు. అదే ఓడ, జాన్ మార్షల్ అనే అదే కెప్టెన్‌తో, అంతకు రెండేళ్ళ ముందు మొదటి నౌకాదండులోనూ ఖైదీలను తీసుకెళ్ళింది. అప్పుడు దానిలో చావులు దాదాపు లేవు. రెండోసారి నూటికి పాతిక మందికి పైగా చచ్చారు. మనిషి మారలేదు, ఓడ మారలేదు. మారినవి రెండు. మొదటిది ఒప్పందం: మొదటి దండుకు గుత్తేదారైన విలియం రిచర్డ్స్‌కు ఓడల అద్దె టన్నుల లెక్కన ముట్టింది, ఖైదీ కడుపు మాడ్చి మిగుల్చుకునే దారి ఇంత వెడల్పుగా లేదు. రెండోది, ఆ దండుతో గవర్నరుగా వెళ్తున్న ఆర్థర్ ఫిలిప్ స్వయంగా ఓడలో ఉన్నాడు. బయలుదేరే ముందే తాజా మాంసం, కూరగాయలు కావాలని లండన్ అధికారులను ఉత్తరాలతో విసిగించాడు, దారిలో రేవుల దగ్గర ఆగి తాజా సరుకు ఎక్కించాడు. చావు తగ్గింది ఒప్పందం వల్లనా, ఫిలిప్ వల్లనా?

దీనికి జవాబు వెతకడానికి అదే ఏడాది ఇంకో ఓడ ఉంది. లేడీ జూలియానా ఆడఖైదీలతో 1789 జులైలో బయలుదేరి పది నెలలకు, అంటే ఆ మూడు ఓడలు తీసుకున్న కాలానికి దాదాపు రెట్టింపుకు, సిడ్నీ చేరింది. 226 మందిలో చనిపోయింది ఐదుగురే. అందులో ప్రభుత్వ ప్రతినిధి థామస్ ఎడ్గార్ అనే నౌకాదళ లెఫ్టినెంటు, కెప్టెన్ కుక్‌తో సముద్రాలు తిరిగినవాడు. ఆడవాళ్ళను డెక్ మీదికి రానిచ్చాడు, ఓడను శుభ్రం చేయించాడు, రేవుల్లో తాజా తిండి తెప్పించాడు. మరి ఆ మూడు ఓడల్లో ప్రభుత్వ ప్రతినిధి లేడా అంటే, ఉన్నాడు. జాన్ షాప్‌కోట్ అనే లెఫ్టినెంటు నెప్ట్యూన్‌లోనే ప్రయాణించాడు, దారిలోనే చనిపోయాడు. బతికున్నన్నాళ్ళూ ఆయన చేసిన పని ఖైదీల బతుకుల్లో ఎక్కడా కనిపించదు. పర్యవేక్షకుణ్ణి పెట్టాం అని రిజిస్టర్లో రాసుకోవడం వేరు, పర్యవేక్షణ వేరు.

ఇక దిగిన తలకు డబ్బు అన్న ఆలోచన. దీన్ని ఏ మేధావో కనిపెట్టాల్సిన పని లేదు, అప్పటికే అది ఒక వ్యాపారంలో ఆనవాయితీ. సర్‌ప్రైజ్‌లో వచ్చిన సైనికాధికారి కెప్టెన్ విలియం హిల్ సిడ్నీ నుంచి రాసిన ఉత్తరంలో, ఈ ఓడలతో పోలిస్తే బానిస వ్యాపారమే దయగలదన్నాడు. బానిసను బతికించి దించితేనే వర్తకుడికి లాభం, ఇక్కడ ఎంతమంది చస్తే అంత తిండి మిగులు అని ఆయన తర్కం. ప్రోత్సాహకాల సిద్ధాంతాన్ని ఇంత సూటిగా చెప్పినవాళ్ళు ఆ కాలంలో అరుదు. కానీ హిల్ మాటను పట్టుకుని బానిస ఓడల లెక్క తీస్తే ఆయన మాటే ఆయనకు ఎదురు తిరుగుతుంది. ఆ ఓడల్లో దిగిన తలకే డబ్బు, నూటికి నూరు పాళ్ళూ. అయినా ఆ రోజుల్లో అట్లాంటిక్ దాటేలోపు దాదాపు పదో వంతు మంది పోయేవాళ్ళు. ఎందుకంటే వర్తకుడు ప్రాణాలను కాదు, లాభాన్ని లెక్కేస్తాడు. వంద మంది పట్టే చోట నూట యాభై మందిని కుక్కితే ఇరవై మంది చచ్చినా లెక్క లాభంలోనే ఉంటుంది. చావు అతనికి ఖర్చుల పట్టీలో ఒక పద్దు, అంతకంటే చవకైన పద్దు దొరికినప్పుడు చావునే ఎంచుకుంటాడు. 1781లో జాంగ్ ఓడ సిబ్బంది నూట ముప్పై మందికి పైగా ఆఫ్రికన్లను సముద్రంలోకి తోసేసింది. జబ్బుతో చస్తే యజమానికి నష్టం, ఓడను కాపాడటానికి సరుకు పారేశామంటే బీమా వస్తుంది. 1783లో ఆ బీమా దావా లండన్ కోర్టుకెక్కినప్పుడు మొదటి తీర్పు యజమానుల వైపే వచ్చింది.

బ్రిటిష్ పార్లమెంటుకు ఈ సంగతి కొంత అర్థమైందనడానికి 1788 నాటి డాల్బెన్ చట్టం సాక్ష్యం. చావులు నూటికి రెండు దాటకపోతే బానిస ఓడ కెప్టెన్‌కు 100 పౌన్లు, సర్జన్‌కు 50 పౌన్లు బహుమానం, మూడు దాటకపోతే అందులో సగం అని ఆ చట్టం పెట్టింది. ఇంత పకడ్బందీ ప్రోత్సాహకం ఈ రోజుల టెండరు కాగితాల్లో కూడా అరుదే. అయితే అదే చట్టం టన్నుకు ఇంతమందికి మించి ఎక్కించరాదని నిషేధమూ పెట్టింది, సర్జన్ ఉండి తీరాలని, జబ్బులూ చావులూ పుస్తకంలో రాయాలని ఆజ్ఞాపించింది. బహుమానాన్ని ఒంటరిగా వదల్లేదు. ఇంత తెలిసిన ప్రభుత్వమే మరుసటి ఏడాది తన ఖైదీల కోసం తలకింత గుత్త రాసుకుని, బానిస వర్తకులనే పిలిచి అప్పజెప్పింది. ఒక శాఖ నేర్చుకున్న పాఠం పక్క శాఖ గుమ్మం దాటదన్నది ఇప్పటి రోగం మాత్రమే కాదు.

నెప్ట్యూన్ వగైరా ఓడల రెండో దండు వార్త ఇంగ్లండు చేరడానికి నెలలు పట్టింది. ఈలోపు అదే సంస్థకు మూడో దండు కాంట్రాక్టు ఇచ్చేశారు. 1791లో వెళ్ళిన ఆ ఓడల్లో సుమారు రెండు వేల మందిలో రెండు వందల దాకా పోయారు. ఆ తర్వాతే మన పాఠ్యకథలో చెప్పే మార్పు మొదలైంది, ఒప్పందాల్లో ప్రాణంతో దించిన ఖైదీకి అదనపు సొమ్ము అన్న షరతు చేరింది. కథ ప్రకారం ఇక్కడితో శుభం కార్డు పడాలి. కానీ 1798 డిసెంబరులో హిల్స్‌బరో బయలుదేరింది. ఎక్కిన తలకు 18 పౌన్లు, క్షేమంగా దిగిన తలకు మరో 4 పౌన్ల 10 షిల్లింగుల 6 పెన్నీలు. ఎక్కినవాళ్ళు 300 మంది, ప్రాణం పోయినవాళ్ళు 95 మంది. దామాషాలో నెప్ట్యూన్‌తో సమానం. అదొక్కటే అపవాదమని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఖైదీల తరలింపు మీద 1812లో పార్లమెంటు కమిటీ ఇచ్చిన లెక్కల్లో, 1795 నుంచి 1801 దాకా ఎక్కిన 3,833 మందిలో 385 మంది పోయారు. పదిమందిలో ఒకరు, అంటే మూడో దండులో ఎలా ఉందో అలాగే.

హిల్స్‌బరో లెక్కను కాస్త నెమ్మదిగా వేసి చూడాలి, అసలు గుట్టు అందులోనే ఉంది. ఎక్కినవాళ్ళ మీద యజమానికి 5,400 పౌన్లు ఖాయం. అందరూ బతికితే వచ్చే అదనపు సొమ్ము 1,357 పౌన్ల చిల్లర. 95 మంది చావు వల్ల అతను పోగొట్టుకున్నది సుమారు 430 పౌన్లు, రాగలిగిన మొత్తంలో నూటికి ఆరున్నర లోపు. ఆ 95 మంది తినకుండా మిగిలిన తిండి విలువను ఇందులోంచి తీసేస్తే నష్టం ఇంకా చిన్నది. ముగ్గురిలో ఒకరిని చంపుకున్న ప్రయాణానికి ఇదీ శిక్ష. పైగా ఆ చావులకు మూలం ఓడలో లేదు. రేవుల్లో లంగరేసి జైళ్ళుగా వాడుతున్న పాత ఓడల్లో టైఫస్ జ్వరం రాజ్యమేలుతోంది. లాంగ్‌స్టన్ రేవులోని జైలు ఓడల నుంచి ఖైదీలను ఎక్కించవద్దని ఆరోగ్య తనిఖీ అధికారి సర్ జెరోమ్ ఫిట్జ్‌ప్యాట్రిక్ హెచ్చరించాడు కూడా. వినలేదు. జ్వరం ఖైదీలతో పాటు నిచ్చెనెక్కి ఓడలోకి వచ్చింది. ఆ జైలు ఓడలను నడిపేవాళ్ళకు రోగిష్టులను వదిలించుకోవడం లాభం, గుత్తేదారుకు తల లెక్క నింపుకోవడం లాభం. దిగే చోట ఎంత బంగారం పెట్టినా, ఎక్కే చోట ఇద్దరి స్వార్థాలూ చేతులు కలిపితే ఏం చేస్తుంది?

అలాగైతే వాటా సరిచేయండి, ఎక్కినప్పుడు దమ్మిడీ ఇవ్వక మొత్తం దిగినప్పుడే ఇవ్వండి అనవచ్చు. ప్రోత్సాహకాలను నమ్మేవాళ్ళ వాదనలో ఇది బలమైనది, తీసిపారేయదగ్గది కాదు. నష్టం ఆరు శాతం కాక ముప్పై శాతం అయి ఉంటే హిల్స్‌బరో యజమాని ఆ జ్వరపు జైలు ఓడల మనుషులను ఒకటికి రెండుసార్లు చూసి ఉండేవాడేమో. ఒప్పుకుంటాను. కానీ నూరు శాతం దిగినప్పుడే అన్న పద్ధతి ఎలా నడిచిందో బానిస ఓడలే చెప్పాయి. ఇంకో చిక్కూ ఉంది. తన చేతిలో లేని ప్రమాదాన్ని నెత్తిన పెడితే గుత్తేదారు ఊరుకోడు, ఆ ప్రమాదానికీ ధర కట్టి టెండరులో కలుపుతాడు. తుపాను, శత్రువుల ఫిరంగి, జైలు నుంచి వచ్చిన జ్వరం, వీటన్నిటికీ ప్రభుత్వం ముందే డబ్బు చెల్లించినట్టవుతుంది. చివరికి ప్రాణాల రక్షణ కోసమని ఇచ్చే సొమ్ములో ఎంత రక్షణకు, ఎంత అదృష్టానికి పోతోందో ఎవరికీ తెలియదు.

1812 నాటి ఆ కమిటీ లెక్కల్లోనే 1801 తర్వాత పదేళ్ళకు చావులు 46 మందిలో ఒకరికి తగ్గాయి. ప్రోత్సాహకం ఆలస్యంగానైనా పట్టిందని అనుకోవచ్చు, ఆ వాదనకు ఈ అంకె ఇచ్చే బలాన్ని నేను దాచను. కానీ ఆ కుదురు నిలవలేదు. 1814లో జనరల్ హ్యూయిట్‌లో 300 మందికి 34 మంది, సర్రీలో 200 మందికి 36 మంది పోయారు. సర్రీలో జ్వరం కెప్టెన్‌నూ సర్జన్‌నూ కూడా తీసుకెళ్ళిపోతే, మిగిలిన ఒకే ఒక అధికారి ఓడను రేవు చేర్చాడు. గవర్నర్ మెక్వారీ విచారణ పెట్టించాడు. నివేదిక రాసిన విలియం రెడ్‌ఫెర్న్ ఒకప్పటి ఖైదీ. 1797 నోర్ నౌకాదళ తిరుగుబాటులో మరణశిక్ష పడి, అది తగ్గి, 1801లో సిడ్నీ చేరిన సర్జన్. గాలి ఆడాలి, పక్కలు ఎండాలి, నిమ్మరసం కలిపిన ద్రాక్షసారా పోయాలి అని ఆయన చెప్పినవి అప్పటికి వింతలేమీ కావు. అసలు మాట వేరే: ఓడ సర్జన్ కెప్టెన్ జీతగాడైతే కెప్టెన్‌కు ఎదురు చెప్పలేడు, కాబట్టి నౌకాదళం నుంచి, ప్రభుత్వ జీతంతో, తగిన అధికారంతో సర్జన్‌ను పంపండి. 1815 నుంచి అలాగే పంపారు. వీళ్ళనే సర్జన్ సూపరింటెండెంట్లు అన్నారు. రోగులను ఎక్కేముందే ఆపే హక్కు, తిండి తూకం చూసే హక్కు, రోజువారీ పుస్తకం రాసి పై అధికారులకు అప్పజెప్పే బాధ్యత వీళ్ళకు వచ్చాయి. ఆ తర్వాత యాభై ఏళ్ళకు పైగా, 1868లో తరలింపు ఆగేదాకా, ఓడ మునిగిన సందర్భాలు వదిలేస్తే, చావులు నూటికి ఒకరి దగ్గరే నిలిచాయి. వైద్యమూ ఓడల వేగమూ పెరిగాయి కదా అనవచ్చు. పెరిగాయి. కానీ నిమ్మరసం, శుభ్రత, తాజా తిండి సంగతి కుక్ కాలానికే తెలుసు, ఎడ్గార్ వాటితోనే 1790లో గెలిచాడు. కరువైంది వాటిని ఇప్పించగల మనిషే. సర్జన్‌కు మాత్రం ప్రోత్సాహకం లేదా అంటే, ఉంది. గవర్నరు ధ్రువపత్రం, నౌకాదళంలో పేరు, పదోన్నతి. అయితే ఆ ప్రోత్సాహకం పని చేసేవాడికి కాదు, చూసేవాడికి.

ఇదే యంత్రం తర్వాత మనవాళ్ళ కోసం తిరిగింది. 1860 అక్టోబరులో మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. నాటాల్ చెరుకు తోటలకు గిర్మిటియాలను, అంటే ఒప్పంద కూలీలను, తీసుకెళ్ళిన మొదటి ఓడ అది, తమిళులతో పాటు తెలుగువాళ్ళూ అందులో ఉన్నారు. 1903లో మద్రాసు నుంచి ఫిజీకి తొలి ఓడ ఎల్ఫిన్‌స్టన్ వెళ్ళాక ఉత్తర కోస్తా మనుషులు అటూ పోయారు. ఈ కూలీ ఓడల్లో ఖైదీ ఓడల పాఠమంతా కనిపిస్తుంది: రేవులో డిపో, ఎక్కేముందు వైద్య పరీక్ష, ప్రొటెక్టర్ అనే ప్రభుత్వాధికారి, ఓడలో సర్జన్ సూపరింటెండెంటు, ప్రాణంతో దింపిన ప్రతి తలకూ సర్జన్‌కు ఇంతని బహుమానం. అయినా 1856–57లో కలకత్తా నుంచి వెస్టిండీస్‌కు వెళ్ళిన ఓడల్లో నూటికి పదిహేడు మంది దాకా పోయారు. జబ్బు మళ్ళీ ఎక్కే చోటే పట్టుకుంది. బక్కచిక్కినవాళ్ళనూ పసిపిల్లలనూ ఎక్కించారు, కలరా, విరేచనాలు వాళ్ళ వెంటే ఓడెక్కాయి. దాని మీద విచారణలు, కొత్త నిబంధనలు వచ్చాక చావులు దిగాయి.

కానీ ఓడకు ముందున్న గొలుసులో ఇంకో ప్రోత్సాహకం ఉంది. ఊళ్ళలో మనుషులను పోగుచేసి తెచ్చేవాడికి కమీషన్ తల లెక్కనే. వంద మంది మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళు ఉండాలన్న నిబంధన వచ్చాక ఆడమనిషి తలకు రేటు పెరిగింది. అత్తింటి నుంచి విసిగి బయటపడ్డ ఇల్లాలు, కరువులో దారి తప్పిన వితంతువు సంతల్లో, సత్రాల్లో, రైలు స్టేషన్లలో ఎవరి కంట పడ్డారో ఊహించుకోవచ్చు. ఒక చోట ప్రాణానికి వెల కట్టిన ఒప్పందమే మరో చోట మాయమాటకు వెల కట్టింది.

అటు చివర, దిగిన మరుక్షణం తలకు లెక్క ముగిసేది. సర్జన్ సొమ్ము తీసుకుని వెళ్ళిపోయేవాడు, ఓడ ఖాళీ అయ్యేది. తోటలో జీతం ఇచ్చారా, కొట్టారా, ఐదేళ్ళ తర్వాత మనిషి ఎలా ఉన్నాడు అన్నదాని మీద ఎవరికీ బహుమానం లేదు. 1871లో నాటాల్ నుంచి మొదటి బృందం మద్రాసు తిరిగి వచ్చింది. జీతాలు ఎగ్గొట్టారనీ, కొరడాలతో కొట్టారనీ వాళ్ళు రేవులోనే అధికారులకు చెప్పారు. నాటాల్‌లో 1872లో కమిషన్ కూర్చుంది. పరిస్థితి సరిచేసేదాకా కూలీలను పంపేది లేదని భారత ప్రభుత్వం భీష్మించుకుంది. 1874 దాకా మద్రాసు రేవు నుంచి నాటాల్‌కు కూలీ ఓడ కదల్లేదు.